నాయనమ్మకి వినిపించిన కారు

మా నాన్న డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఇరవై ఆరేళ్లుగా పక్క సీట్లో కూర్చుని, రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని, నేర్చుకునేవాడు గోడనో గొడ్డునో గుద్దకుండా కాపాడుతూ బతుకుతున్న మనిషి. బండి వేగం ముప్ఫై దాటితే ఆయనకి చెమటలు పడతాయని మేం నవ్వుకునేవాళ్లం. అలాంటివాడు ఆ ఏడు, నా ఆఖరి పరీక్ష అయిన మర్నాడు, ముదురు నీలం రంగు స్పోర్ట్స్ కారొకటి తోలుకొచ్చి గేటు ముందు ఆపాడు.

కొత్తది కాదు. పదిహేనేళ్ల బండి. ముందు రెండు సీట్లు, వెనక సీటని చెప్పుకోవడానికి ఒక అర. ఆ అరలో పిల్లిని కూర్చోబెట్టినా విసుక్కుని దిగిపోతుంది. కారు నేలకి కరుచుకుని ఉంటుంది. ఎక్కాలంటే ముందు అందులోకి కూలబడి, తర్వాత కాళ్లు లోపలికి లాక్కోవాలి. అమ్మ గుమ్మంలో నిలబడి కారునీ నాన్ననీ మార్చి మార్చి చూసింది.

"మనం నలుగురం" అని మాత్రం అంది.

వంతులేసుకుందాం అన్నాడు నాన్న. వారానికొకరు. ఆ వేసవంతా ఊళ్లు తిరుగుదాం, బండిని కూడా కొంచెం కొంచెంగా బాగుచేయిద్దాం. అమ్మ కళ్లజోళ్ల షాపులో పనిచేసేది. మనిషికి హఠాత్తుగా చూపు మారిపోవడం తను రోజూ చూస్తూనే ఉంటానని, ఇది ఆ రకమే అయ్యుంటుందని అని లోపలికి వెళ్లిపోయింది.

నాలుగో వ్యక్తి నాయనమ్మ. ఆమెకి చెవుడు. ఏదో మందం అనుకునేరు, కాదు. పదకొండేళ్ల కిందట జ్వరమొకటి వచ్చి, పోతూ పోతూ రెండు చెవులూ పట్టుకుపోయింది. నరాలే చచ్చిపోయాయి, పక్కన పిడుగు పడ్డా తెలియదు అన్నాడు డాక్టరు. ముప్ఫై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో తలకి హెడ్‌సెట్ తగిలించుకుని ఊళ్ల మధ్య మాటలు కలిపిన మనిషికి ఆ గతి పట్టింది. ఆమె మామూలుగానే మాట్లాడేది. మేం చెప్పాల్సింది పలక మీద రాసి చూపించేవాళ్లం. పలక మీద ఎంతని రాస్తాం? 'తిన్నావా', 'మాత్ర వేసుకున్నావా'. నాన్నకీ ఆమెకీ మధ్య పదకొండేళ్లు నడిచిన మాటలన్నీ ఆ రెండే అంటే పెద్ద అబద్ధం కాదు.

కారు వచ్చిన నాలుగో రోజు సాయంత్రం, ముందుగదిలో బట్టలు మడతపెడుతూ నాయనమ్మ తల పక్కకి వంచింది.

"అబ్బాయి వచ్చాడు. గేటు తియ్యి."

వీధిలో ఎవరూ లేరు. ముసలామె మాట తీసెయ్యడమెందుకని వెళ్లి గేటు తీశాను. నిమిషం గడిచిందో లేదో, నీలం కారు మలుపు తిరిగింది.

నేల అదిరి ఉంటుందిలే అంది అమ్మ. కానీ మా వీధిలో లారీలు వెళ్తాయి, నీళ్ల ట్యాంకర్లు వెళ్తాయి. నాయనమ్మ ఏనాడూ తలెత్తి చూడలేదు. మర్నాడు నాన్న ఆమెని వెనకగదిలో గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, తలుపేసి, నన్ను కాపలా పెట్టాడు. బయట ఇంజను రేపినప్పుడల్లా ఆమె వేలెత్తింది. ఏడుసార్లు రేపాడు, ఏడుసార్లూ ఎత్తింది. ఆయన లోపలికొచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, పలక తీసుకుని, 'ఎలా ఉంటుంది?' అని రాశాడు.

"ఎవరో మాట మొదలెట్టబోతూ గొంతు సవరించుకుంటున్నట్టు ఉంటుందిరా" అంది నాయనమ్మ.

డాక్టరు దగ్గరికి మళ్లీ తీసుకెళ్లాం. గంటలు మోగించాడు, యంత్రాలు పెట్టాడు. ఏమీ లేదు, అంతా చచ్చే ఉంది అన్నాడు.

బండి బాగుచేయించడం అనేది అప్పట్నుంచి వేరే పని అయిపోయింది. బజారు చివర షెడ్డులో ఒక మెకానిక్ ఉండేవాడు. జీవితమంతా ఇంజన్ల మధ్య గడిపి అరిచి మాట్లాడ్డం అలవాటైంది కాబట్టి అందరూ స్పీకరు అనేవాళ్లు. "మాస్టారూ, గొంతు పెంచమంటారు, అంతేగా" అని వీధంతా వినబడేలా అడిగి, సైలెన్సర్ మార్చాడు. దాంతో కారు అదివరకటి కన్నా లోతుగా, ఛాతీలోంచి మాట్లాడినట్టు మాట్లాడింది. సాయంత్రాలు నాన్న వాకిట్లో ఇంజను ఆన్ చేసి ఉంచేవాడు. నాయనమ్మ కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని, పాట వింటున్నట్టు వినేది. పక్కింటి రిటైరైన లెక్చరరు గారు చెవుల్లో దూది పెట్టుకుని మొక్కలకి నీళ్లు పోసుకునేవారు.

తిరగడం కూడా తిరిగాం. మొదట అమ్మ వంతు. చెరువు ఆనకట్ట దాకా వెళ్లి, జుట్టంతా చీపురై, పెళ్లైన కొత్తలో కూడా నేను అంతగా నవ్వి ఉండను అంటూ వచ్చింది. తర్వాత నాది, సముద్రం ఒడ్డున దీపస్తంభం దాకా. ఖాళీ రోడ్డు మీద నాన్న నూట ఇరవై దాటించినప్పుడు నేను సీటు అంచులు పట్టుకున్నాను. ఆయన నుదుటి మీద ఒక్క చెమట చుక్క లేదు. నాయనమ్మ మాత్రం తనకొద్దంది. ఆ సీట్లోకి దిగడానికి మోకాళ్లు చాలవు, లేవడానికి క్రేను కావాలి అనేది. మేం తిరిగొచ్చే వేళకి ఆమె గేటు తీసుకుని నిలబడి ఉండేది.

ఎంత ముందు వినబడుతోందో చూద్దామని నేనొక నోటుపుస్తకంలో టైములు రాయడం మొదలుపెట్టాను. సైలెన్సర్ మార్చాక పది నిమిషాల ముందు 'వచ్చాడు' అనేది. తర్వాత పన్నెండు. ఇరవై. అంతదూరం నుంచి వినబడుతోందని నాన్న మురిసిపోయాడు. నేనూ అలాగే అనుకున్నాను, ఒక బుధవారం దాకా.

ఆ బుధవారం నాలుగింటికి ఆమె 'వచ్చాడు' అంది. నాన్న ఐదుంబావుకి వచ్చాడు. దారిలో ఎక్కడ ఆగావని అడిగాను. ఎక్కడా ఆగలేదట. స్కూలు దగ్గర బయల్దేరిందే నాలుగూ నలభైకి అట. మరి నాలుగింటికి? ఒక బ్యాంకు ఉద్యోగి పక్కన కూర్చుని రివర్సు నేర్పిస్తున్నాడట. కారు స్కూలు షెడ్డులో, తాళం వేసి ఉంది.

నోటుపుస్తకం అమ్మకి చూపించాను. ఆమె గుడ్డ తీసి కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివింది. చదివి ఆ కాగితాలు చింపేసింది.

"ఇలాంటివి రాసిపెట్టకూడదు. మీ నాన్నతో అనకు. ఆయన సంతోషం ఆయన్ని పడనీ."

నేను అనలేదు.

స్పీకరు ఆ తర్వాత టైర్లు మార్చాడు, స్ప్రింగులు మార్చాడు. వాటితో నాయనమ్మకి ఏ తేడా రాలేదు. ఇక ఇంజనుకి టర్బో పెడదామన్నాడు. దాంతో బండి ఊపిరి రెండింతలు పీలుస్తుందని నాన్న నాకు అర్థమయ్యేలా చెప్పాడు. మూడు రోజులు కారు షెడ్డులోనే ఉండిపోయింది. మూడో రోజు పదకొండింటికి నాయనమ్మ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

"గొంతు మారిందే. ఈల కలిసింది" అంది. అని, ఒక్కసారి కిటికీ ఊచ పట్టుకుంది. "మూల మీద గట్టిగా బ్రేకేశాడు. టైర్లు అరిచాయి. ఏదో అడ్డం వచ్చింది."

నేను బయటికి పరుగెత్తాను. మూల ఖాళీగా ఉంది. ఎండకి తారు మెత్తబడి ఉంది. స్పీకరుకి ఫోన్ చేస్తే, "మాస్టారి బండా? గుండె తీసి బల్ల మీద పెట్టానమ్మా, రేప్పొద్దున బిగిస్తా" అని అరిచాడు.

మర్నాడు పదకొండింటికి నేను గేటు దగ్గరే నిలబడ్డాను. ముందు ఈల వినబడింది. కారు మూల తిరిగింది. ఎదురింటి మేడ మీంచి ఒక బంతి రోడ్డు మీద పడి దొర్లింది. నాన్న బ్రేకేశాడు, టైర్లు అరిచాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన దిగి బంతి తీసి పైకి విసిరాడు. కిటికీలో నాయనమ్మ లేదు. లోపల మంచం మీద పడుకుని నిద్రపోతోంది. తను అంతా నిన్ననే వినేసింది.

ఆ రాత్రి నుంచి ఆమె వంక చూడాలంటే నాకు భయం వేసేది. ఆమెకి మాత్రం ఏ భయమూ లేదు. రేపటి కారు ఇవాళ విని, వింతేమీ లేనట్టు మాత్ర వేసుకునేది.

వారం తర్వాత ఒక ఉదయం అమ్మా నాన్నా పనులకి వెళ్లాక నేను ఆమెకి గోళ్లు తీస్తున్నాను. పదకొండయి ఉంటుంది. ఎడంచెయ్యి అయింది. కుడిచెయ్యి అందుకోబోతే మెల్లిగా వెనక్కి తీసుకుంది. తల పక్కకి వంచింది.

నిమిషమో రెండు నిమిషాలో వింటుంది, అంతే కదా అని కూర్చున్నాను. పావుగంటయింది. గంటయింది. ఆమె కుర్చీలోంచి కదల్లేదు. తినడానికి ఏమైనా తెచ్చిస్తే చేత్తో వారించింది. ఒకటిన్నరకి కళ్లు తుడుచుకుంది. మూడున్నర ప్రాంతంలో, ఏమీ లేని గదిలో, ఉన్నట్టుండి పకపకా నవ్వింది. ఐదింటికి వీపు కుర్చీకి వాల్చింది.

పలక మీద 'ఏంటి?' అని రాశాను.

"మీ నాన్నే. ఇంత నెమ్మదిగా ఎప్పుడూ రాలేదు. ముప్ఫై దాటలేదు. వెనకవాళ్లు ఒకటే హారన్లు. గేటు దాకా వచ్చి కూడా చాలాసేపు ఇంజను ఆపలేదు." తర్వాత నావైపు తిరిగింది. ముఖం వెలుగుతోంది. "వాడి గొంతు విన్నానే. కారు గొంతు కాదు, వాడిదే. పదకొండేళ్లకి. ముసలాడి గొంతైపోయింది."

'ఎవరితో మాట్లాడాడు?'

"పక్కనున్న మనిషితో. దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ మనిషి పలకలేదు."

'ఏమన్నాడు?' అని రాశాను. ఆమె పలక తీసుకుని అరచేత్తో తుడిచేసింది.

"ఆ చెయ్యి గోళ్లు మిగిలిపోయాయి. తియ్యి."

మర్నాడు నాన్న స్కూలు నుంచి ఎప్పట్లాగే వచ్చాడు, హారన్ కొట్టుకుంటూ. ఆ మర్నాడూ అంతే. ఇది రేపటిది కాదని అర్థమైంది. మరి ఎప్పటిది? అడిగితే నాయనమ్మ, ఎక్స్ఛేంజిలో లైను దూరమైన కొద్దీ గొంతు సన్నబడుతుందని, ఇది బాగా సన్నగా ఉందని చెప్పింది. అంతకన్నా తనకీ తెలియదంది.

తెలుసుకోవడం నాకు కష్టం కాలేదు. ముప్ఫై వేగంతో ఆరు గంటలు రావాలంటే ఎక్కణ్నుంచి రావాలి? ఆ వేసవికి మిగిలిన పెద్ద ప్రయాణం ఒక్కటే, కొండ మీది రోడ్డు. నూట ఎనభై కిలోమీటర్లు. తేదీ నేనే పెట్టాను, గెస్ట్ హౌస్‌లో గది నేనే చెప్పాను. పక్క సీటు నాది.

నాన్నతో చెప్పి ఉండాల్సింది. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఆయన అప్పుడు కారు తుడుస్తూనో, మ్యాపు మీద పెన్సిల్‌తో గీతలు గీస్తూనో ఉండేవాడు. ఏమని చెప్పాలి? రోజులు దగ్గరపడే కొద్దీ నాకు తిండి సయించలేదు. ప్రయాణం ఇంకో అయిదు రోజులుందనగా నాయనమ్మ నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"కొండకి నీ బదులు నేను వెళ్లనా?"

చేతిలో పలక ఉంది, బలపం ఉంది. ఆమె మామూలుగానే అడిగింది, పక్క గదిలోంచి దుప్పటి తెచ్చిపెట్టమన్నట్టు. వద్దని రాయొచ్చు. ఎవరమూ వెళ్లొద్దని రాయొచ్చు. నేను 'సరే' అని రాశాను. ఆ రెండక్షరాలు రాసేముందు చాలాసేపు ఆలోచించానని చెప్పుకోగలిగితే బావుండేది. ఆలోచించలేదు. ఆ రోజు కడుపునిండా తిన్నాను.

నాన్న సంతోషానికి హద్దుల్లేవు. ఆమె మోకాళ్ల కోసం పక్క సీటు నాలుగంగుళాలు ఎత్తు చేయించాడు. కారుకి జరిగిన ఆఖరి మార్పు అదే. సీటు బిగిస్తూ స్పీకరు మొదటిసారి మెల్లిగా మాట్లాడాడు. "పెద్దావిడ కదా మాస్టారూ, పదిలంగా తీసుకురండి" అన్నాడు.

అమ్మ తన శాలువా కప్పింది, షాపులోంచి తెచ్చిన నల్ల కళ్లద్దాలు పెట్టింది. నాయనమ్మ సీట్లో సర్దుకుని, సినిమావాళ్లలాగా ఉన్నానా అని అడిగింది. అమ్మ తలూపింది. కారు మూల తిరిగేదాకా నాయనమ్మ వీధిలోని ఒక్కొక్క ఇంటినీ చూస్తూనే ఉంది.

మర్నాడు పదకొండింటికి ఫోను వచ్చింది. అమ్మ తీసింది. విని, పెట్టేసి, గోడ పట్టుకుని కిందికి కూర్చుంది.

కొండ కొసన, రోడ్డు పక్కన కారు ఆపి ఇద్దరూ లోయ చూస్తున్నారట. తొమ్మిది కావస్తోందట. నాయనమ్మ నిద్రపోయిందనుకున్నాడట. కొండ కింద చిన్న ఆసుపత్రిలో డాక్టరు బయటికి వచ్చి, కారు అంత కిందికి ఉంటుంది కాబట్టి మోకాళ్ల మీద కూర్చుని కిటికీలోంచి చూశాడట. కాగితం రాసిచ్చాడు. వ్యాను సాయంత్రానికి గానీ రాదన్నారు. నేనే తీసుకెళ్తానన్నాడు నాన్న.

ఆ ఆరు గంటలూ అమ్మ ఇల్లు సర్దింది. నేను గేటు దగ్గర మెట్టు మీద కూర్చున్నాను. నాకు ఏ శబ్దమూ ముందుగా వినబడలేదు. ఐదింటికి, అందరికీ వినబడే వేళకే, నాకూ వినబడింది. మొదట దూరంగా హారన్లు, విసుగ్గా, ఒకదాని మీద ఒకటి. తర్వాత వాటి ముందు, నడిచే మనిషి పక్కన నడిచేంత నెమ్మదిగా, ఆ ఇంజను.

నీలం కారు మూల తిరిగింది. హారన్ కొట్టలేదు. ఎత్తు చేసిన సీట్లో నాయనమ్మ బెల్టు పెట్టుకుని, నల్లద్దాలతో, తల ఒక పక్కకి వంచి కూర్చుని ఉంది. వింటున్నట్టే ఉంది. అద్దం వెనకాల నాన్న పెదాలు కదులుతున్నాయి. గేటు ముందు ఆగాక కూడా కదులుతూనే ఉన్నాయి. చాలాసేపటికి ఇంజను ఆపాడు.

చేయవలసినవన్నీ చేశాం. వేసవి అయిపోయింది. నాన్న స్పీకరు దగ్గరికి వెళ్లి టర్బో తీసేయించాడు, పాత సైలెన్సర్ పెట్టించాడు. కారు ఇప్పుడు పక్కింటాయనకి కూడా వినబడకుండా వస్తుంది, పోతుంది. లెక్చరరు గారు ఒకసారి గోడమీంచి, ఆ పెద్ద గొంతే ఉంచుకోవలసింది మాస్టారూ అన్నారు.

కాలేజీలో చేరే రోజు నాన్న నన్ను దింపడానికి బయల్దేరాడు. సీటు ఎత్తు చేశాక అందులో నేను కూర్చోవడం అదే మొదలు. ఎత్తు తగ్గించలేదు, నా తల పైకప్పుకి తగులుతోంది. ఊరు దాటాం. తర్వాత ఆయనే మొదలుపెట్టాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"కొండ మీద ఇంజను ఆపేశాను. అయినా తల వంచి వింటూనే ఉంది. ఆపేశానమ్మా అని పలక మీద రాసి చూపించా. తెలుసులేరా అంది. వినడం మానలేదు." గేరు మార్చాడు. "వచ్చేటప్పుడు దారంతా మాట్లాడుతూనే వచ్చానే. పిచ్చాడిలాగా. పలక మీద పట్టనివన్నీ. బతికుండగా ఒక్క పూట వినిపించే భాగ్యం లేకపోయింది."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఊరుకుంటే ఊరుకోవచ్చు.

"విన్నది నాన్నా" అన్నాను.

చెప్పాను. టైముల పుస్తకం, బంతి, గోళ్లు తీస్తున్న ఉదయం. ఆమె ఐదింటిదాకా కుర్చీలోంచి లేవకపోవడం. సీటు సంగతి కూడా చెప్పాను; అది చెప్పకుండా మిగతాది చెప్పే దారి లేదు. అడిగింది ఆమే అని చెప్పాను. ఎందుకు ఒప్పుకున్నానో కూడా చెప్పాను. మధ్యలో ఎక్కడో ఆయన కారు పక్కకి తీసి ఆపాడు. నేను ముగించాక కూడా స్టీరింగు మీద చేతులు అలాగే ఉన్నాయి. బస్సులు మమ్మల్ని దాటిపోతున్నాయి.

"ఎన్నాళ్ల ముందు?"

"పంతొమ్మిది రోజులు."

ఆయన స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"లైసెన్సు పరీక్ష మొదటిసారే పాసయ్యానని ఆవిడతో చెప్పాను, కుర్రప్పుడు" అన్నాడు. "నిజానికి నాలుగోసారి. వంతెన దాటాక ఆ మాట ఒప్పుకున్నాను. ఎంతయిందో... మూడు దాటింది." గొంతు సవరించుకున్నాడు. "నవ్విందా?"

"మూడున్నరకి" అన్నాను. "పకపకా నవ్వింది."

ఆయన తలూపాడు. అద్దంలో వెనక్కి చూసుకుని, ఇండికేటర్ వేసి, దారి ఖాళీ అయ్యేదాకా ఆగి, కారుని మళ్లీ రోడ్డు మీదికి తీశాడు. సీటు గురించి ఆ రోజు ఏమీ అడగలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు.